పరదా వెనక చేతులు

నేను ఒక కొయ్య చేతిని. మోచేతి దగ్గర తెగ్గోసి, బల్ల మీద నిలబడడానికి కింద గుండ్రటి పీట బిగించిన చేతిని. విజయనగరంలో ఒక గాజుల కొట్టులో గాజులు చూపించడానికి నన్ను కొన్నారు. నా వేళ్లు అయిదూ ఒకదానికొకటి అతుక్కునే ఉంటాయి. అందువల్ల నేను ఎన్నడూ ఎవరి సొమ్మూ పట్టుకోలేదు, ఎవరి చెంపా పగలగొట్టలేదు, పని జరగడం కోసం ఎవరికీ దండం పెట్టలేదు. మనుషుల చేతుల గురించి ఈ మాట అనలేను.

మొన్నీమధ్య వర్తక సంఘం వాళ్లు మా యజమాని జోగారావుకి శాలువా కప్పారు. చిన్న కొట్టుని పెద్ద కొట్టుగా ఎలా పెంచాలో కుర్ర వ్యాపారులకి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. ఆయన నాలుగు ముక్కలతో ఆగే మనిషా? నన్ను తుడిచి సంచీలో వేసుకుని తీసుకెళ్లి, వేదిక మీద మంచినీళ్ల సీసా పక్కన నిలబెట్టి, "ఇదండీ, మా కొట్టు మొదలైన రోజుల్నాటి సరుకు" అని చూపించాడు. వ్యాపారానికి ధైర్యం ఉండాలన్నాడు. ముందుచూపు ఉండాలన్నాడు. కొనేవాళ్ల మనసు ఎరగాలన్నాడు. అంతసేపు మాట్లాడినా అసలు చెప్పాల్సిన మనిషి పేరు ఒక్కసారి కూడా ఆ నోట రాలేదు. జనం చప్పట్లు కొట్టారు. నాకున్నది ఒక్క చెయ్యే కాబట్టి నేను కొట్టలేదు.

సొమ్మొకడిది, సోకొకడిది. ఆ కొట్టు ఎలా పెరిగిందో దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి నేను చెప్తాను. వినండి.

నేను పుట్టింది ఏటికొప్పాకలో. బొమ్మలు చేసే పనివాడు ఒకడు అంకుడు కర్రని మర మీద తిప్పి నునుపు చేసి, వేళ్ల దగ్గరికొచ్చేసరికి ఉలి పట్టుకున్నాడు. నమూనాకి ఏ చేతిని చూడాలి? కుడి చేతిలో ఉలి ఉంది. తీరిగ్గా ఉన్నది ఎడమ చెయ్యే. దాన్ని చూసి చెక్కేశాడు. లక్క పూసి మెరుగు పెట్టాక గానీ తాను ఎడమ చేతిని చేశానని అతనికి తట్టలేదు. పైడితల్లమ్మ జాతరలో నన్ను అమ్మకానికి పెట్టాడు. జనం చేతిలోకి తీసుకోవడం, మురిసిపోవడం, బొటనవేలు ఎటుందో చూసుకోవడం, ముఖం మాడ్చుకుని కింద పెట్టెయ్యడం. పొద్దున్న లేస్తే ఎడమ చెయ్యి లేనిదే శుభ్రపడలేని మనుషులు, దాని చేత చేయించుకున్నదంతా చేయించుకుని దానికే అశుభం అని పేరు పెట్టారు. ఈ జాతి బుద్ధి నాకు ఆ జాతరలోనే అర్థమైంది.

చివరికి ఒకావిడ వచ్చింది. సన్నగా, పొడుగ్గా, మోచేతుల దాకా గాజులతో ఉంది. ఆమె పేరు నూకరత్నం. పనివాడు నిజాయితీపరుడు కాబోలు, "అమ్మా, అది ఎడం సెయ్యి" అని ముందే చెప్పాడు.

"అయితే ఏటి? ఆడోలు గాజులు ఒక్క సేతికే ఏసుకుంతారేటి?" అంది నూకరత్నం. నన్ను చంకలో పెట్టుకుని నడిచింది.

గంటస్తంభం దాటాక ఒక సందులో ఒంటి గుమ్మం కొట్టు ఆమెది. ఇద్దరు లోపలికొస్తే మూడో మనిషి వీధిలో నిలబడాలి. నూకరత్నం గుమ్మంలోనే పీట వేసుకుని కూర్చునేది. ఆ ఊళ్లో గాజులు అమ్మేవాళ్లకి కొదవ లేదు గానీ, గాజులు తొడగడం వచ్చినవాళ్లు తక్కువ. వదులు గాజు ఎవరైనా తొడుగుతారు. మణికట్టు మీద నిండుగా కూర్చోవాలంటే గాజు బిగుతుగా ఉండాలి, బిగుతు గాజు కణుపులు దాటాలంటే చెయ్యి మెత్తబడాలి. చెయ్యి ఎప్పుడు మెత్తబడుతుంది? దాని సొంతదారు దాన్ని మర్చిపోయినప్పుడు. నూకరత్నం అరచేతిని ముద్దలా మర్దిస్తూ ఊరికే కబుర్లాడేది. సరిగ్గా గాజు కణుపు దగ్గరికి రాగానే, "మీ ఆడబిడ్డ ఎల్లిపోనాదేటి, ఇంకా మీ ఇంటికాడే ఉన్నాదా?" అని అడిగేది. ఎదుటావిడ ఆడబిడ్డ మీద ఎగిరిపడేలోపు గాజు మణికట్టులో ఉండేది.

పెళ్లికూతుళ్లు, కడుపుతో ఉన్న పిల్లలు, నోముల ముత్తయిదువలు అందరూ ఆ సందుకే వచ్చేవాళ్లు. రైస్‌మిల్లు యజమాని భార్య వరహాలమ్మ కారు సందులోకి రాదని వీధి చివర దిగి నడిచొచ్చేది. "నూకాలు సెయ్యి ఎన్న ముద్ద" అని పదిమందికీ చెప్పేది.

నూకరత్నానికి పిల్లల్లేరు. మొగుడు ఉన్నాడు, పేరు సన్యాసిరావు. పొద్దున్నే కొట్టు తలుపు తియ్యడం, సాయంత్రం వెయ్యడం ఆయన వ్యాపారం. మధ్యలో అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చేవాడు. మంచివాడే. ఏ పనీ చెయ్యనివాడు చెడ్డపని మాత్రం ఎందుకు చేస్తాడు? ఒక వేసవిలో ఆయన జ్వరం వచ్చి పోయాడు.

పదో రోజున ఏం జరిగిందో నేను చూడలేదు, కొట్టులో ఉన్నాను. తరవాత వచ్చిపోయేవాళ్ల మాటల్లో విన్నాను. వీధిలో పెద్ద ముత్తయిదువ అని వరహాలమ్మని పిలిచారట. నూకరత్నం చేతులు బండ మీద పెట్టించి, గాజులన్నీ ఆవిడే పగలగొట్టిందట. ఆ చేతుల్తో ఎన్నిసార్లు తన చేతులు నింపించుకుందో ఆవిడకి గుర్తు రాలేదనుకుంటాను. మళ్లీ కొట్టుకి వచ్చిన నూకరత్నం చేతులు బోసిగా ఉన్నాయి, మణికట్టు దగ్గర గీతలు ఇంకా మానలేదు. ఎప్పట్లాగే పీట వేసుకుని గుమ్మంలో కూర్చుంది.

ఒక్కరూ రాలేదు. వీధి మలుపు దాకా వచ్చి, ఆమెని చూసి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగేవాళ్లు. ఓడలో ఉన్నంతసేపు ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య. ఆమె వేళ్లలో నేర్పు ఎక్కడికీ పోలేదు. పోయింది అరుగు మీద చుట్ట కాల్చే మనిషి. ఆయన పోతే గాజు కణుపు దాటదని ఈ ఆడవాళ్లకి ఎవరు చెప్పారో నాకు ఈనాటికీ తెలియదు.

అప్పుడు దిగాడు జోగారావు, సన్యాసిరావు తమ్ముడు. అప్పటిదాకా సైకిళ్లు అద్దెకిస్తూ, సినిమా హాలు దగ్గర సోడాలమ్ముతూ, పట్టిందల్లా బూడిద చేసిన మనిషి. కొట్టు అన్న పేరున ఉంది కాబట్టి అది తన బాధ్యత అన్నాడు. వదినని గుమ్మం మీంచి లేపి, వెనక చీకటి గదిలో గాజులు ఏరే పనిలో పెట్టాడు. "నాలుగు రోజులు లోపలుండు వొదినా. నువ్వు ముందు కూకుంటే బేరం రాదు. కొట్టు కుదుటపడ్డాక నీ పీట నీకే" అన్నాడు. నూకరత్నం ఆ మాట పట్టుకుంది. ఆమెకి కావలసింది అదొక్కటే, మళ్లీ గుమ్మంలో కూర్చోవడం.

జోగారావు వ్యాపారం పెంచడం మొదలెట్టాడు. ముందు బోర్డు మార్చాడు. బేరం పెరగలేదు. ట్యూబులైట్లు పెట్టాడు. ఖాళీ కొట్టు ఇంకా బాగా కనిపించింది. గాజులతోపాటు ప్లాస్టిక్ బకెట్లు, సబ్బుపెట్టెలు, జడబిళ్లలు, దేవుడి పటాలు తెచ్చి వేలాడదీశాడు. బకెట్ కావలసినవాళ్లు బకెట్ల కొట్టుకే వెళ్లారు. నేను పాతబడ్డానని తెల్లటి ప్లాస్టిక్ చేతులు తెచ్చి ముందు వరసలో పెట్టి, నన్ను వెనక గదిలోకి విసిరాడు. నూకరత్నం నన్ను తీసి, దుమ్ము తుడిచి, ఏరిన గాజులు నాకు తొడగడం మొదలుపెట్టింది. "నన్నొగ్గేసినారు, నిన్నూ ఒగ్గేసినారు" అంది నాతో. నాకు ఆ గది నచ్చింది, ప్లాస్టిక్ వాటి పక్కన నిలబడే ఖర్మ తప్పింది.

చివరికి జోగారావు మంగవేణి అనే ఆవిడని జీతానికి పెట్టాడు. ఆమె అర్హతలు రెండు. నుదుట రూపాయంత కుంకం, ఇంట్లో బతికున్న మొగుడు. గాజులు తొడగడం మాత్రం రాదు. తొడగబోతే చెయ్యి గీరుకునేది, లేకపోతే గాజు చిట్లేది. ఒకనాడు ఎవరో కొత్త కోడలికి తొడుగుతుంటే ఆ పిల్ల నొప్పికి కళ్లు గట్టిగా మూసుకుని ముఖం పక్కకి తిప్పుకుంది. వెనక గది గుమ్మానికి ఒక పాత చీర వేలాడుతూ ఉండేది. దాని పక్కనుంచి నూకరత్నం చెయ్యి బయటికొచ్చింది. ఆ పిల్ల అరచేతిని ఒక్కసారి నొక్కి, గాజు ఎక్కించి, వచ్చినట్టే వెనక్కి వెళ్లిపోయింది. పిల్ల కళ్లు తెరిచి చూసుకుంది. "ఓలమ్మ, ఏటా సెయ్యి, ఏసినట్టే నేదు!" అని మంగవేణిని మెచ్చుకుంది. జోగారావు ఇదంతా చూశాడు.

మర్నాడు పాత చీర స్థానంలో ఎర్రటి పరదా వచ్చింది, మధ్యలో చెయ్యి దూరేంత చీలికతో. గాజులు తొడిగేటప్పుడు పదిమంది కళ్లు పడితే దిష్టి తగులుతుందని, అందుకే మంగవేణి పరదా చాటున కూర్చుని తొడుగుతుందని జోగారావు చెప్పాడు. దిష్టి అనేసరికి ఊరంతా తలూపింది. వచ్చినావిడకి మంగవేణి పసుపు రాసి, కుంకం పెట్టి, గాజులు తీసుకుని పరదా లోపలికి వచ్చేది. చీలికలోంచి వచ్చినావిడ చెయ్యి లోపలికొచ్చేది. మంగవేణి కబుర్లు చెప్పేది, నూకరత్నం తొడిగేది. నూకరత్నం గొంతు బయటికి వినబడకూడదని జోగారావు గట్టిగా చెప్పాడు కాబట్టి, ఆడబిడ్డ సంగతి అడగాల్సిన చోట ఆమె వేలితో మంగవేణి మోకాలు పొడిచేది. మంగవేణి అడిగేది.

బేరం పోటెత్తింది. పక్క కొట్టు తీసుకున్నాడు, గోడ కొట్టించాడు. బజారులో మిగతా గాజుల కొట్ల వాళ్లు కూడా రహస్యం కనిపెట్టామనుకుని తమ కొట్లలో పరదాలు కట్టారు. వాటి వెనక రోజూ గాజులు పగిలే చప్పుడు, ఆడవాళ్ల కేకలు. ఒకాయనైతే వెల్వెట్ పరదా కుట్టించాడు. గుడ్డ ఖరీదు పెరిగితే వేళ్లకి పని వస్తుందనుకున్నాడు పాపం.

నూకరత్నం మధ్యమధ్య అడిగేది. "ఏటి మరిదీ, నాను ఎప్పుడు ముందుకొస్తాను?"

"కొంచెం ఓపిక పట్టు వొదినా. కొట్టు ఇంకా పెద్దదవ్వనీ. నీకు పీట కాదు, కుర్చీ ఎయ్యిస్తాను."

ఆమె నమ్మేది. చీలికలోంచి వచ్చే చేతుల్ని మర్దించేటప్పుడు అప్పుడప్పుడు పెదవులు కదిలేవి. ఆ చెయ్యి ఎవరిదో ఆమెకి పట్టుకోగానే తెలిసిపోయేది. పలకరించాలని ఉండేది, పలకరించకూడదు. నోటిదాకా వచ్చిన మాట మింగేసేది. ఆ మాటలు మింగడం చూస్తే నాకు కోపం వచ్చేది, ఆమె మీద కూడా. చీల్చి పారెయ్యవేం ఆ గుడ్డని అనుకునేదాన్ని. నాకేం, కొయ్యదాన్ని, పస్తుండాల్సిన కడుపు లేదు.

కొట్టు మూడు గుమ్మాలైంది. అద్దాలు, కొత్త దీపాలు, గుమ్మానికి అరటి బోదెలు, నాదస్వరం. ప్రారంభానికి బోణీ బేరంగా జోగారావు వరహాలమ్మని ఒప్పించాడు. ఆవిడ కూతురు ఇందుమతికి ఆ రోజే సీమంతం గాజులు తొడగాలి. ముందురోజే నూకరత్నం ఆ పిల్ల కొలత అడిగి తెలుసుకుని, పచ్చగాజులు ఒక్కొక్కటే వేళ్లతో తడిమి, అంచు గరుకు లేనివి ఏరి నాకు తొడిగి పెట్టింది. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

జోగారావు పట్టు పంచెలో వెనక గదిలోకి వచ్చాడు.

"వొదినా, ఇయాల ఒక్కపూట పరదా దగ్గరికి కూడా రాకు. శుభమాని కొత్త కొట్టు తెరుస్తున్నాం. గదిలోనే ఉండు."

"మరి గాజులెవులు ఏస్తారు?"

"ఎవులేటి, మంగవేణి ఏస్తాది. ఇన్నాళ్లూ ఏస్తన్నాది కాదేటి?"

నూకరత్నం అతని ముఖంలోకి చూసింది. అతను వేళాకోళమాడడం లేదు. ఊరికి చెప్పీ చెప్పీ, ఆ అబద్ధాన్ని తానే నమ్మేశాడు. ఊరిని మోసం చేసేవాళ్లని చాలామందిని చూశాను గానీ, తన చేతుల్తో కట్టిన పరదా వెనక ఏముందో మర్చిపోయిన ఘనుణ్ణి ఈయన్నే చూశాను. వెళ్తూ వెళ్తూ నా మీదున్న గాజుల్లోంచి పైవి కొన్ని లాక్కుని మంగవేణికి ఇచ్చాడు.

ముందు నాదస్వరం ఆగింది. మంగవేణి గొంతు వినిపించింది, మామూలుకన్నా హెచ్చుగా. తరవాత ఇందుమతి "అబ్బా!" అంది. తరవాత కాసేపు సబ్బు తెమ్మని, నూనె తెమ్మని హడావిడి. నెలలు నిండుతున్న పిల్ల, చేతులు నీరు పట్టి ఉన్నాయి. గాజు కణుపుల మీద ఇరుక్కుంది, ముందుకీ పోదు, వెనక్కీ రాదు. పిల్ల ఏడుపు మొదలెట్టింది. ఎవరో మగగొంతు "కొట్టెయ్యండి గాజుని" అంది. వెంటనే ఆడవాళ్లందరూ ఒక్కసారే అరిచారు. కడుపుతో ఉన్న పిల్ల చేతి మీద, సీమంతం నాడు, గాజు పగలగొట్టడమా?

అప్పుడు వరహాలమ్మ తిన్నగా వెనక గదిలోకి నడిచొచ్చింది. ఎవరినీ దారి అడగలేదు.

"నూకాలూ, లెగు. పిల్లకి గాజు ఇరుక్కుపోనాది."

"నన్ను రావద్దన్నారు అమ్మగారూ."

"ఊరుకోయే. ఇన్నాళ్లూ ఆ పరదా ఎనకాల ఉన్నది నువ్వేనని మాకు తెల్దేటి? నీ సెయ్యి నాకు తెల్దేటి?"

నూకరత్నం సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖం పాలిపోయింది.

"అందరికీ తెలుసా?" అని అడిగింది.

"తెలకేటి. ఎవులం పైకి అన్నేదు గాని."

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఇక్కడ ఊరు ఊరంతా పిల్లులే. ఒక మనిషి చీకటి గదిలో నోరు కుట్టుకుని కూర్చుందని తెలిసి, ఆ చేతి సుఖం తీసుకుంటూ, ఆ ముఖం కనబడనందుకు లోపల్లోపల సంతోషిస్తూ ఇన్నాళ్లు గాజులు తొడిగించుకున్నారు. జోగారావు అయినా మర్చిపోయాడు, వీళ్లు మర్చిపోనైనా లేదు.

నూకరత్నం లేచింది. మిగిలిన పచ్చగాజులతో సహా నన్ను చంకలో పెట్టుకుని, పరదా తప్పించుకుని, కొత్త దీపాల వెలుగులోకి వచ్చింది. జోగారావు ఎదురొచ్చాడు గానీ వరహాలమ్మ వెంట ఉండడంతో తప్పుకున్నాడు. ఇందుమతి ఎదుట కూర్చుని, నన్ను పక్కన పెట్టి, ఆ పిల్ల చేతిని ఒళ్లోకి తీసుకుంది. వేళ్ల చివర్ల నుంచి నీరు వెనక్కి నొక్కుతూ, అందరికీ వినబడేలా అడిగింది.

"ఏమ్మా, ఆడపిల్ల కావాలా, మగపిల్లోడు కావాలా?"

"ఎవరైనా పరవాలేదు నూకరత్నమ్మా, మా అత్తగారి ముక్కు రాకుంటే చాలు" అంది పిల్ల ఏడుస్తూనే. అత్తగారు అక్కడే ఉంది. జనం గొల్లుమన్నారు, పిల్లకీ నవ్వొచ్చింది. గాజు మణికట్టులోకి జారింది.

కుడి చెయ్యి నిండుగా తొడిగింది. ఎడమ చెయ్యి ముందుకొచ్చింది. నూకరత్నం దాన్ని అందుకోలేదు. నన్ను ఎత్తి వరహాలమ్మ ముందు పెట్టి, తన రెండు చేతులూ చాపింది. బోసి మణికట్ల మీద పాత గీతలు తెల్లగా ఉన్నాయి.

"ముందు నాకు ఎయ్యండి అమ్మగారూ. మీరే తీసినారు, మీరే ఎయ్యాల."

"వొదినా! శుభమాని ఏటిది?" అని జోగారావు అరిచాడు. ఆమె అతని వైపు చూడలేదు.

వరహాలమ్మ చుట్టూ చూసింది, ఎవరైనా అడ్డం చెబుతారేమోనని. ఎవరు చెబుతారు? విధవకి గాజులు తొడగడం తప్పే. కానీ సీమంతం పిల్లని ఒక చెయ్యి నిండుగా, ఒక చెయ్యి బోసిగా ఇంటికి తీసుకెళ్లడం అంతకన్నా తప్పు. తాము అల్లుకున్న వలలో తామే పడ్డారు అందరూ. ఇందుమతి మాత్రం, "వెయ్యమ్మా" అంది నెమ్మదిగా.

వరహాలమ్మ కింద కూర్చుంది. నా మీంచి ఒక పచ్చగాజు తీసి, నూకరత్నం చెయ్యి పట్టుకుంది. జీవితమంతా తొడిగించుకోవడమే గానీ తొడగడం ఎరగని చేతులు అవి. గాజు కణుపు మీద అడ్డంగా పడి, టప్పున రెండు ముక్కలైంది. నూకరత్నం వేలి మీద నెత్తురు చుక్క పొడిచింది. వరహాలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి, చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

నూకరత్నం చాపిన చెయ్యి చాపినట్టే ఉంచింది.

"పగిల్తే పగిలినాది. ఇంకోటి తియ్యండి" అంది.

వరహాలమ్మ ఇంకోటి తీసింది.